పసుపుపచ్చ నాలుక

జనవరిలో మా ఆయనకి న్యుమోనియా వచ్చింది. దాని వెనకే కుడి పక్కటెముకల్లో పోటు మొదలైంది. ఊపిరి పీలిస్తే పోటు, దగ్గితే పోటు, నవ్వితే పోటు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ప్లూరిసీ అన్నారు. ఊపిరితిత్తిని చుట్టి ఉండే పొర వాచిందట, పొరల మధ్య నీరు చేరిందట. మామూలు మనిషైతే ప్రాణానికి ప్రమాదమా అని అడుగుతాడు. మా ఎలియాజరు గారు మాత్రం మంచం మీద వంకరగా కూర్చుని, "ఈస్టరుకి పాడగలనా డాక్టర్?" అని అడిగారు. ఆ డాక్టరమ్మ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

ఈస్టరు సంగతి ఏమిటంటే, కెనడాలోని సర్రీలో ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘం ఏటా ఆ రోజు తెల్లవారుతుండగా వైట్‌రాక్ సముద్రపు ఒడ్డున ఆరాధన జరుపుతుంది. వాయిద్యాలేవీ లేకుండా మా ఆయన ఒక్కరే పునరుత్థాన కీర్తన ఎత్తుకుంటారు. రెండో చరణం చివర 'లేచెను' అన్న మాట దగ్గర ఒకే ఊపిరి మీద రాగం సాగదీస్తారు. ఆ రాగం అయ్యేసరికి సూర్యుడు వస్తాడని సంఘంలో పిల్లల నమ్మకం. వాంకూవర్ చుట్టుపక్కల ఏప్రిల్ నెలలో సూర్యుడు రాని ఏళ్ళే ఎక్కువ. పద్దెనిమిదేళ్ళుగా మా ఆయన మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు. పగలంతా సిటీ బస్సు నడిపే మనిషికి ఏడాది మొత్తంలో తనదంటూ ఉన్నది ఆ నాలుగు నిమిషాలే.

ఈసారి ఆయన పాడలేకపోతే ఏం చేయాలో సంఘంలో కీబోర్డు వాయించే క్రిస్టో అప్పుడే ఆలోచించేశాడు. మంచివాడే, కాకపోతే తొందరెక్కువ. పరామర్శకి వచ్చి, ఆపిల్ పళ్ళు బల్లమీద పెట్టి, "అంకుల్, మీరేం టెన్షన్ పడకండి. ట్రాక్ డౌన్‌లోడ్ చేసి పెట్టా, బ్లూటూత్ స్పీకర్ కూడా ఉంది" అన్నాడు. అతను వెళ్ళాక మా ఆయన ఆ ఆపిల్ పళ్ళు ముట్టుకోలేదు.

ఆసుపత్రిలో సూదితో నీరు తీశారు. పరీక్షలు చేసి క్షయ కాదని చెప్పారు. ఆ మాట విన్నాక గాని నేను కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. మాత్రలు పనిచేశాయి. ఫిబ్రవరి నెలాఖరుకి ఎక్స్‌రే చాలావరకు శుభ్రంగా వచ్చింది. కాస్త మిగిలిన నీరు అదే పోతుందనీ, గట్టిగా ఊపిరి పీలుస్తూ ఉండమనీ చెప్పి, మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టంలోంచి గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మా ఆయన పీలిస్తే మొదటి బంతి లేచేది, రెండోది కొంచెం ఆలోచించేది, మూడోది అసలు పట్టించుకునేది కాదు. పోటు పూర్తిగా పోలేదు. పోటు వస్తుందేమోనన్న భయం అంతకంటే పోలేదు.

నా గురించీ చెప్పాలి. నరసాపురం దగ్గర మిషన్ ఆసుపత్రిలో పదకొండేళ్ళు నర్సుగా చేశాను. ఇక్కడికొచ్చాక నా చదువు చెల్లదన్నారు. పంతొమ్మిదేళ్ళుగా వృద్ధుల కేర్ హోమ్‌లో కేర్ ఎయిడ్‌ని, అంటే ఆయాని. చెల్లనిది కాగితమే గాని నా చేతులు కాదు. రోజూ సాయంత్రం ఆయన టీవీ చూస్తుంటే మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ నాడి చూసేదాన్ని. నిజానికి నేను చూసేది నాడి కాదు, ఊపిరి. లెక్కపెడుతున్నామని తెలిస్తే రోగి ఊపిరి మార్చేస్తాడు. అందుకని నాడి చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టాలని మా మేట్రన్ నేర్పింది. జనవరిలో నిమిషానికి ఇరవై ఎనిమిది. ఫిబ్రవరిలో ఇరవై రెండు.

మా అమ్మాయి ఎలీనా ఒకరోజు ఫోన్ చూపించి, "మామ్, డాక్టర్ లియాంగ్, ట్రెడిషనల్ చైనీస్ మెడిసిన్. షీ ఈజ్ లైసెన్స్‌డ్. జస్ట్ ట్రై ఇట్" అంది. నాకు ఒళ్ళు మండింది. నర్సు ఇంట్లో ఉండగా సూదులు గుచ్చే ఆవిడ దగ్గరికా? కానీ మా ఆయన "ఈస్టరుకి ఇంకా ఆరు వారాలుందే దయా" అన్నారు. ఆ గొంతు విన్నాక అపాయింట్‌మెంటు తీసుకోమని ఎలీనాతో నేనే అన్నాను.

లియాంగ్ గారి క్లినిక్ ఫ్రేజర్ స్ట్రీట్‌లో, ఒక బేకరీ మేడమీద. ఆవిడకి నా వయసే ఉంటుంది. వెనక గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు. మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. మొదట ఆసుపత్రి కాగితాలు అడిగి, మొదటినుంచి చివరిదాకా చదివింది. "మీ డాక్టరిచ్చిన మందులు ఆపితే నా దగ్గరికి రావద్దు. జ్వరం వచ్చినా, ఆయాసం పెరిగినా ఎమర్జెన్సీకి వెళ్ళండి, ఇక్కడికి కాదు" అంది. మనిషి నాకు అక్కడే నచ్చింది. పైకి కనపడనివ్వలేదు.

తర్వాత ఆయన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుంది. గడియారం చూడలేదు. ఒక్కో వేలి కింద ఒక్కో అవయవం మాట్లాడుతుందట. నా చేయి దానంతటదే వెళ్ళి ఆయన రెండో మణికట్టు పట్టుకుంది. మధ్యలో మా ఆయన, ఇటు నేను, అటు ఆవిడ. "ఇద్దరూ చెరోవైపు లాగకండమ్మా" అన్నారు ఆయన తెలుగులో.

"మా పాత పుస్తకాల్లో దీన్ని వేలాడే నీరు అంటారు" అంది లియాంగ్ గారు. "ఒంట్లో నీటిని కిందికి దించే పని ఊపిరితిత్తులది. జ్వరం వచ్చి ఆ పని ఆగింది. దిగాల్సిన నీరు పక్కటెముకల దగ్గర వేలాడింది. అక్కడినుంచి వెళ్ళే దారి కాలేయానిది, పిత్తాశయానిది. ఆ దారి మూసుకుంది, అందుకే పోటు. కోపం, దిగులు లోపల దాచుకున్నా అదే దారి మూసుకుంటుంది."

"పూర్వం ఏం చేసేవారు?" అడిగారు మా ఆయన.

"మూడు రకాల విషపు మొక్కల వేళ్ళు పొడి చేసి, పది ఎండు రేగుపళ్ళ కషాయంతో తాగించేవారు. నీరంతా విరేచనాల్లో పోయేది."

మా ఆయన కుర్చీ అంచుకి జరిగారు. ఆవిడ నవ్వింది. "భయపడకండి. నీరు తీయడానికి ఇప్పుడు ఆసుపత్రి సూది ఉంది, అదే మంచిది. నేను మిగిలిన తడి సంగతి, మూసుకున్న దారి సంగతి చూస్తాను. ఆవాల కంటే చిన్న గింజలు కొన్ని ఇస్తాను, నీటిని కిందికి దింపుతాయి. అవి కడుపుకి కొంచెం కఠినం, అందుకని రేగుపళ్ళు కలిపి కాచాలి." రేగుపళ్ళన్న మాట వినగానే మా ఆయన ముఖం విప్పారింది. సూదులు మాత్రం ముంజేతికి, కాలి పిక్కకి పెట్టింది. నేనూ నర్సునేనని చెప్పి, పోటు ఇక్కడైతే సూది అక్కడెందుకని నిలదీశాను. "ఛాతీ మీద గుచ్చితే ఊపిరితిత్తికి తగలొచ్చు. దారికి రెండు చివరలున్నాయి, నేను ఈ చివర పట్టుకుంటున్నాను" అంది. నర్సుగా ఆ జాగ్రత్తకి నేను వంక పెట్టలేకపోయాను.

చివర్లో నాలుక చాపమంది. చూసి కనుబొమలు ముడిచింది.

"పసుపుపచ్చగా, మందంగా ఉంది పూత. లోపల వేడి చాలా ఉంది. ఈ ఉదయం ఏమైనా తిన్నారా, తాగారా?"

"లేదు. లెంట్ కదా, మధ్యాహ్నం దాకా ఉపవాసం" అన్నారు మా ఆయన, కొంచెం గర్వంగానే.

నేను పక్కనే ఉన్నాను. ఆ ఉదయం ఆరింటికి ఆయనకి గ్లాసుడు పసుపు పాలు నేనే ఇచ్చాను. మిరియాల పొడి వేసి, అర చెంచాడు పసుపు కలిపి, ప్రార్థన చేసి మరీ ఇచ్చాను. జనవరి నుంచీ రోజూ ఇస్తూనే ఉన్నాను. ఈస్టరుకి ముందొచ్చే ఆ శ్రమకాలం మొదలైనప్పుడు ఆయనకి అనుమానం వచ్చింది, ఉపవాసం చెడుతుందేమోనని. "పసుపు పాలు మందండీ, ఆహారం కాదు. మందు ఉపవాసానికి అడ్డం రాదు" అని నేనే తీర్పు చెప్పాను. మా ఇంట్లో ఇలాంటి తీర్పులు పాస్టరు గారిదాకా వెళ్ళవు. ఆవిడ అడిగింది తిన్నదీ తాగినదీ గురించి. మేము చెప్పింది ఉపవాసం గురించి. పాలన్న మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్కడినుంచి మొదలైంది మా తిరణాల. నాలుకలో వేడి కనపడింది కాబట్టి లియాంగ్ గారు చలవ చేసే చేదు వేరు ఒకటి కషాయంలో కలిపింది. ఆ చేదు చెప్పనలవి కాదు. తాగిన ప్రతిసారీ మా ఆయన ముఖం చూసి ఎలీనా వీడియో తీసేది. వారం తిరిగేసరికి ఆయనకి కడుపు చల్లబడింది, విరేచనాలు పట్టుకున్నాయి. చలవ ఎక్కువైందని నేను పాలల్లో మిరియాలు పెంచాను, పసుపు నిండు చెంచాడు చేశాను. మళ్ళీ వెళితే నాలుక ఇంకా పచ్చగా కనపడింది. "వేడి మొండికేసింది" అని ఆవిడ చేదు వేరు రెట్టింపు చేసింది. నేను ఇంటికొచ్చి పసుపు రెట్టింపు చేశాను. ఇలా మూడు వారాలు. ఆవిడకి నా పసుపు సంగతి తెలియదు, నాకు ఆవిడ లొంగదు, మధ్యలో ఎలియాజరు గారి పొట్ట.

సాయంత్రాలు మాత్రం నాకు ధైర్యంగా ఉండేది. ఊపిరి ఇరవైకి, తర్వాత పద్దెనిమిదికి, తర్వాత పదహారుకి దిగింది. బాగవుతున్నారని నిశ్చయించుకున్నాను. అయితే మరి పాటెందుకు రావడం లేదు? రెండో చరణం దగ్గరికి రాగానే పక్క పట్టుకుని కూర్చునేవారు. క్రిస్టో ఫోన్ చేసి, ట్రాక్ ఏ శ్రుతిలో పెట్టమంటారని అడిగాడు. మా ఆయన "నీకు నచ్చింది పెట్టు నాయనా" అన్నారు. ఆ రోజు నేను బాత్రూములో నీళ్ళు వదిలి ఏడ్చాను.

ఈస్టరుకి పన్నెండు రోజులుందనగా మా కేర్ హోమ్‌లో ఒకమ్మాయి సెలవు పెట్టింది. మూడు రోజులు తెల్లవారుజామున డ్యూటీకి నేను వెళ్ళాల్సొచ్చింది. పాలు కాచుకోమని రోజూ చీటీ రాసిపెట్టి వెళ్ళాను. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి క్లినిక్‌లో అపాయింట్‌మెంటు. యూనిఫాం విప్పకుండా నేరుగా అక్కడికే వెళ్ళాను.

మా ఆయన నాలుక చాపారు. లియాంగ్ గారు చూసింది. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. దీపం దగ్గరికి తెచ్చి మూడోసారి చూసింది.

"ఇది వేరే మనిషి నాలుక" అంది. "సోమవారం అంత పచ్చగా ఉంది. ఈరోజు పల్చగా, తెల్లగా, ఆరోగ్యంగా ఉంది. మూడు రోజుల్లో ఇలా మార్చే మందు నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. ఈ మూడు రోజులు మీరేం మానేశారు?"

మా ఆయన పైకప్పు చూస్తున్నారు. చీటీ రాసిపెట్టిన పాలు తాగలేదని నాకు అప్పుడు అర్థమైంది. గదిలో ముగ్గురం ఉన్నాం, నోరు విప్పాల్సింది నేను. సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా నాకు అంత చెమట పట్టలేదు.

"పసుపు" అన్నాను. "పసుపు పాలు. రోజూ ఉదయం. నేనే ఇస్తున్నాను."

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి రోజు నుంచీ."

"నాలుకకి రంగు పట్టే దేనినైనా ముందే చెప్పాలి. నేను ప్రతిసారీ అడిగాను! ఆ రంగు చూసి వేడి అనుకుని ఈయనకి అనవసరంగా చలవ మందు పోశాను. మీరు నర్సు కదా!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఎవరైనా నన్ను నర్సు అని పంతొమ్మిదేళ్ళయింది. అదీ తిట్టడానికి! ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు నా నోటినుంచి వచ్చేసింది. "మా అన్నకి కూడా ఊపిరితిత్తిలో నీరే. క్షయ. నేను పనిచేసే వార్డులోనే ఉన్నాడు. మా అమ్మ కేరేజీలో పసుపు పాలు తెచ్చింది. బయటి పదార్థాలు రూలు కాదని నేనే వెనక్కి పంపాను. అప్పటికి నేను కొత్త, రూలంటే భయం. వారానికి అన్న పోయాడు. ఆ పాలతో బతికేవాడు కాదు, నాకు తెలుసు. కానీ అమ్మ ఆ కేరేజీ పట్టుకుని మెట్లు దిగింది చూడండి..."

లియాంగ్ గారు లేచి గోడ దగ్గరికి వెళ్ళి, కింద వరసలో ఒక సొరుగు లాగి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో ఎండిన పసుపు ముక్కలు. వాసన చూడక్కర్లేకుండానే గుర్తుపట్టాను.

"ఇది నా దగ్గర కూడా మందే" అంది. "పక్కటెముకల పోటుకి మా వాళ్ళు వందల ఏళ్ళుగా వాడుతున్నారు. మీ అమ్మగారు తెచ్చింది పిచ్చి పదార్థం కాదు. మీరు చేసిన తప్పు పసుపు ఇవ్వడం కాదు, చెప్పకపోవడం."

మా అమ్మ పసుపు చైనా సొరుగులో! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ చేదు వేరు పూర్తిగా తీసేసి, రేగుపళ్ళు పెంచింది. పాలు ఇవ్వొచ్చు గాని కొంచెం పసుపుతో, రాత్రి భోజనం తర్వాత ఇమ్మంది. తర్వాత మా ఆయన్ని నిలబెట్టి ఊపిరి పీల్చమంది. ఆయన పీల్చినట్టే పీల్చి మధ్యలో ఆపేశారు. "నీరు పోయిందని మీ కిందటి వారం ఎక్స్‌రే చెబుతోంది. ఇప్పుడు ఆ దారిలో అడ్డంగా కూర్చున్నది భయం. దానికి నా దగ్గర గింజలు లేవు" అంటూ విల్లు లాగుతున్నట్టు చేతులు చాపే వ్యాయామం ఒకటి నేర్పింది. రోజుకి మూడుసార్లు చేయాలట, ఇద్దరూ.

తిరుగు ప్రయాణంలో ఎలీనా కారు నడుపుతోంది. నేను వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను.

"చీటీ పెట్టినా పాలెందుకు తాగలేదండీ?" అన్నాను.

"నువ్వు లేవుగా" అన్నారు. "ఆ పాలు నా జబ్బుకని ఎప్పుడు తాగానే? నేను గ్లాసు ఖాళీ చేస్తే నీ ముఖం తేటపడేది. అందుకని తాగా. నాలుక పచ్చబడటం అద్దంలో నాకూ కనపడింది. ఆవిడతో చెప్తే నువ్వు మానేస్తావు, మానేస్తే మళ్ళీ దిగులు పెట్టుకుంటావని ఊరుకున్నా."

"అంత చేదు కషాయం కూడా ఊరికే తాగారా?"

"అది మాత్రం దేవుడి మీద భారం వేసి తాగా" అని నవ్వబోయి పక్క పట్టుకున్నారు. "ఇంకోటి కూడా చెప్పేస్తా, కోప్పడకు. సాయంత్రం నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని ఊపిరి లెక్కపెడతావుగా. నీ పెదాలు కదుల్తాయే. అందుకని ఆ నిమిషం నెమ్మదిగా పీలుస్తా" అన్నారు.

ఇరవై, పద్దెనిమిది, పదహారు. అన్నీ ఆయన నాకోసం చేసిన లెక్కలే. మా మేట్రన్ బతికుంటే నా చెవి మెలిపెట్టేది. "యూ గైజ్ ఆర్ సో వియర్డ్" అంది ఎలీనా ముందు నుంచి, కళ్ళు తుడుచుకుంటూ. నేను ఆయన చేయి పట్టుకున్నాను. గడియారం చూడలేదు.

ఆ పది రోజులూ మా హాల్లో కనపడని విల్లులు లాగుతూ ఇద్దరం నిలబడ్డాం. మొదట ఆయన చేతులు సగమే చాచేవారు. "భయంగా ఉందే" అని మొదటిసారి పైకి అన్నారు. "నాక్కూడా" అన్నాను నేను. అన్నాక ఇద్దరికీ కొంచెం తేలికైంది. ఐదోరోజు రెండో బంతి లేచింది. ఎనిమిదోరోజు మూడోది లేచి టప్పున డబ్బా మూతకి కొట్టుకుంది. ఆయన క్రిస్టోకి ఫోన్ చేసి, "నాయనా, ఆ స్పీకర్ ఇంట్లోనే ఉంచు" అన్నారు.

"తీసుకొస్తాలెండి అంకుల్, బ్యాకప్‌గా" అన్నాడు క్రిస్టో. చెప్పాను కదా, తొందరెక్కువని.

ఈస్టరు ఉదయం వైట్‌రాక్‌లో సన్నని జల్లు. సంఘమంతా గొడుగులు, రెయిన్‌కోట్లు. లియాంగ్ గారు కూడా వచ్చింది, ఫ్లాస్కులో రేగుపళ్ళ టీతో. మా ఆయనే పిలిచారు. పాస్టరు గారు ప్రార్థనకి కళ్ళు మూసుకోమనే లోపు ఆవిడ ముందుకి వచ్చి, "నాలుక" అంది. పద్దెనిమిదేళ్ళ ఆ ఆరాధన చరిత్రలో తొలిసారి ఎలియాజరు గారు సంఘం ఎదుట నాలుక చాపారు. పిల్లలు పడీపడీ నవ్వారు. "బాగుంది, పాడండి" అని ఆవిడ వెనక్కి జరిగింది.

ఎవరివల్ల తగ్గిందని తర్వాత అందరూ అడిగారు. ఆసుపత్రి వాళ్ళు మాత్రలంటారు, ఎలీనా అక్యుపంక్చర్ అంటుంది, ఆయన దేవుడంటారు. నేను పసుపంటే ఎవరూ ఒప్పుకోరు.

ఆయన కీర్తన ఎత్తుకున్నారు. మొదటి చరణం గొంతు సర్దుకోవడానికే సరిపోయింది. రెండో చరణం మొదలయ్యేసరికి నా ఎడమ చేయి అలవాటుగా గడియారం వైపు తిరిగింది. క్రిస్టో స్పీకర్ మీద చేయి వేశాడు. 'లేచెను' దగ్గరికి వచ్చారు. సగం రాగంలో ఆగారు. ఆయన పక్క పట్టుకోలేదు. అందరికీ వినపడేలా, సిగ్గుపడకుండా, కడుపునిండా ఊపిరి పీల్చుకుని, ఆపిన చోటినుంచే మళ్ళీ ఎత్తుకున్నారు. క్రిస్టో చేయి తీసేశాడు. రాగం నీళ్ళ మీదుగా చాలా దూరం పోయింది. సూర్యుడు మాత్రం రాలేదు.

ఆ పాటలో ఆయన ఎన్నిసార్లు ఊపిరి తీశారో నాకు తెలియదు. లెక్కపెట్టడం మరిచిపోయాను.